తమ్ముడికి వేగస్ నరం స్టిమ్యులేటర్ పెడదామంటున్నారు, గొంతు మారిపోతుందా?

పెద్దక్క:

నమస్కారం అండి. మా తమ్ముడికి 22 ఏళ్లు. చిన్నప్పటి నుంచి ఫిట్స్ ఉన్నాయి. ఎన్నో మందులు మార్చారు, ఇప్పుడు మూడు రకాలు కలిపి వాడుతున్నాడు. అయినా తగ్గడం లేదు. కొన్నిసార్లు చూపు ఒకచోటే నిలిచిపోతుంది, పెదాలు చప్పరిస్తాడు, పిలిచినా పలకడు. కొన్నిసార్లు ఒళ్లంతా కొట్టుకుని పడిపోతాడు. ఆపరేషన్‌తో నయమయ్యే అవకాశం ఉందేమోనని వీడియో ఈఈజీ, ఎమ్మారై అన్నీ తీశారు. మెదడులో రెండు వైపుల నుంచీ ఫిట్స్ మొదలవుతున్నాయి కాబట్టి ఏ భాగాన్నీ తీయడం కుదరదన్నారు.

ఇప్పుడు న్యూరాలజిస్ట్ గారు వేగస్ నరానికి స్టిమ్యులేటర్ పెడదామంటున్నారు. ఛాతీలో ఎడమవైపు చర్మం కింద ఒక చిన్న పరికరం, అక్కడి నుంచి మెడలోని నరానికి ఒక తీగ. రోజంతా కొద్దికొద్దిగా కరెంటు పంపుతూ ఉంటుందట. నాకు అర్థమైంది ఇంతే. డాక్టర్ గారు ఓపిగ్గానే చెప్పారు, కానీ ఆ గదిలో కూర్చున్నప్పుడు నా బుర్రలోకి సగమే ఎక్కింది.

అసలు చిక్కు ఏంటంటే మా వాడు పాడతాడు. బాగా పాడతాడు. ఫిట్స్ భయంతో చదువు మధ్యలో ఆగింది, బండి నడపకూడదన్నారు, ఒంటరిగా ఎక్కడికీ పంపం. వాడికి మిగిలింది పాట ఒక్కటే. "గొంతు బొంగురుపోవచ్చు" అని డాక్టర్ గారు అనగానే వాడి మొహం వాడిపోయింది. ఇంటికొచ్చాక "ఫిట్స్ ఉన్నా పర్లేదు, నాకొద్దు" అంటున్నాడు.

పెట్టించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి. గొంతు ఎంత మారుతుంది? ఫిట్స్ నిజంగా తగ్గుతాయా? తర్వాత వద్దనుకుంటే తీసేయొచ్చా?

తెలుగు టీచర్:

పెద్దక్క గారూ, ముందు గొంతు గురించే చెబుతాను. నేనూ గొంతు మీద బతికే మనిషినే. హైస్కూల్లో తెలుగు చెబుతాను. నాకు ఈ పరికరం పెట్టి చాలా ఏళ్లయింది. మధ్యలో ఒకసారి బ్యాటరీ అయిపోతే పరికరం మార్చారు కూడా.

గొంతు మారుతుంది. అయితే ఎప్పుడూ మారిపోయి ఉండదు, కరెంటు వచ్చే కాసేపే మారుతుంది. నా దాంట్లో 30 సెకన్లు కరెంటు, తర్వాత 5 నిమిషాలు విరామం, మళ్లీ 30 సెకన్లు. చాలామందికి మొదట ఇలాగే పెడతారు. ఆ 30 సెకన్లూ నా గొంతు కాస్త బొంగురుగా, జలుబు చేసినట్టు వస్తుంది. పై స్థాయి అందదు. విరామంలో నా గొంతు నాదే. ఎందుకిలా అవుతుందో మా డాక్టర్ గారు బొమ్మ గీసి చూపించారు. స్వరపేటికను కదిలించే నరం ఈ వేగస్ నరం నుంచే కొమ్మగా చీలుతుంది. అది చీలేది తీగ చుట్టిన చోటుకి కింద. కాబట్టి తీగ దగ్గర పుట్టిన కరెంటు ఆ కొమ్మలోకి కూడా పోతుంది.

మొదట్లో క్లాసులో చాలా టెన్షన్‌గా ఉండేది. పాఠం మధ్యలో గొంతు మారగానే పిల్లలు తలెత్తి చూసేవాళ్లు. తర్వాత వాళ్లకి పరికరం గురించి ఉన్నది చెప్పేశాను, ఇక ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు గొంతులో చిన్న బిగువు మొదలవగానే బోర్డు వైపు తిరిగి రాయడం మొదలుపెడతాను. రాయడం అయ్యేసరికి గొంతు వచ్చేస్తుంది.

మీ తమ్ముడికి ముఖ్యంగా చెప్పాల్సింది మ్యాగ్నెట్ గురించి. పరికరంతో పాటు ఒక అయస్కాంతం ఇస్తారు, చేతి గడియారంలా కట్టుకోవచ్చు, బెల్టుకి తగిలించుకోవచ్చు. దీంతో రెండు పనులు జరుగుతాయి. ఫిట్స్ వచ్చేలా ఉన్నప్పుడు ఛాతీ మీద పరికరం మీదుగా ఒకసారి అలా రాసి తీసేస్తే వెంటనే అదనంగా ఒక విడత కరెంటు వెళ్తుంది. కొందరికి దాంతో ఫిట్స్ అక్కడే ఆగిపోతాయి, కొందరికి తొందరగా ముగుస్తాయి, కొందరికి ఏమీ తేడా ఉండదు. అలా రాసి తీయకుండా పరికరం మీద ఆనించి అలాగే ఉంచితే, ఉంచినంతసేపూ కరెంటు ఆగిపోతుంది. తీయగానే మళ్లీ మామూలే. పాడేవాళ్లు, ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లు ఈ రెండో పద్ధతి వాడతారు. నేను పిల్లలకి పద్యం పాడి వినిపించేటప్పుడు మ్యాగ్నెట్ ఆనించుకుంటాను. అప్పుడు నా గొంతుకు ఏ అడ్డూ ఉండదు. పాట పాడినంతసేపు ఆపితే మొత్తం వైద్యానికి వచ్చే నష్టమేమీ లేదని మా డాక్టర్ గారు అన్నారు. గంటల తరబడి ప్రోగ్రాం ఉంటే మాత్రం ఆయన్ని అడిగి చేయాలి.

ఇక ఫిట్స్ సంగతి. నాకు పూర్తిగా ఆగలేదు. ఆగుతాయని ఎవరూ మాటివ్వరు కూడా. కానీ పడిపోయే ఫిట్స్ బాగా తగ్గాయి. ఇంకొకటి, ఇది ఏ లెక్కలోకీ రాదు గానీ నాకు అన్నిటికంటే పెద్దది: ఇదివరకు ఫిట్స్ వచ్చాక సగం రోజు మత్తుగా, ఎవరేమంటున్నారో తెలియకుండా పడి ఉండేదాన్ని. ఇప్పుడు కాసేపటికే లేచి కూర్చుని అమ్మతో మాట్లాడతాను. ఇదంతా పెట్టిన వెంటనే కనిపించలేదు. మొదటి కొన్ని నెలలు నాకు దగ్గు, గొంతులో గిలిగిలి తప్ప లాభం ఏమీ కనబడలేదు, ఇది నా ఒంటికి పడలేదనే అనుకున్నాను. ఏడాది దాటాక డైరీ తిరగేస్తే తేడా కనిపించింది. అందుకే ఆపరేషన్‌కి ముందు నుంచే డైరీ రాయండి. ఏ రోజు, ఏ రకం, ఎంతసేపు, ఎంతసేపటికి తేరుకున్నాడు. జ్ఞాపకం మీద ఆధారపడితే చివరిగా వచ్చిన ఫిట్స్ ఒక్కటే గుర్తుంటుంది.

ఈఈజీ గది:

నేను న్యూరాలజీ విభాగంలో టెక్నీషియన్‌ని. ఈ పరికరాల సెట్టింగ్స్ మార్చేటప్పుడు డాక్టర్ పక్కనే ఉంటాను. టీచర్ గారు చెప్పినదానికి కొంత కలుపుతాను.

ఇది కొత్త ప్రయోగం కాదు. మనిషికి మొదటిసారి పెట్టింది 1988లో. మందులకు లొంగని ఫిట్స్‌కి అమెరికాలో 1997లో అనుమతి వచ్చింది, 2005లో మందులకు లొంగని డిప్రెషన్‌కి కూడా ఇచ్చారు. ఎంత తగ్గుతాయి అనేదానికి నేను చెప్పగలిగే లెక్కలు ఇవి. 1998లో అచ్చయిన ఒక పెద్ద పరిశోధనలో, సరిపడా కరెంటు ఇచ్చినవాళ్లకి మూడు నెలల్లో ఫిట్స్ సగటున 28 శాతం తగ్గాయి. నామమాత్రంగా కరెంటు ఇచ్చినవాళ్లకి 15 శాతం. చూడటానికి గొప్ప తేడా కాదు. కానీ అదే మనుషుల్ని ఏడాది దాకా చూస్తే, తగ్గుదల మధ్యస్థ విలువ 45 శాతానికి చేరింది. మందు అయితే కాలం గడిచేకొద్దీ పట్టు సడలుతుందని భయపడతాం, ఇక్కడ కాలంతో పాటు ఫలితం పెరుగుతుంది. పూర్తిగా ఆగిపోయేవాళ్లు మాత్రం నూటికి పది మంది లోపే.

ఆపరేషన్ మెదడు మీద కాదు. పూర్తి మత్తులో గంట, రెండు గంటలు. మెడలో ఎడమవైపు ఒక కోత, ఛాతీ పైభాగంలోనో చంక దగ్గరో ఇంకొకటి. ఎడమ నరాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. గుండె లయను పుట్టించే కణుపుకు ఎక్కువగా వెళ్లేది కుడి వేగస్ నరం, దాన్ని కదిలించకుండా ఉండటానికి. చాలామంది అదే రోజో మర్నాడో ఇంటికి వెళ్తారు. కోత దగ్గర ఇన్ఫెక్షన్ రావడం కొద్దిమందిలోనే జరుగుతుంది, వస్తే మాత్రం కొన్నిసార్లు పరికరం తీసేయాల్సి రావచ్చు. స్వరతంతువు చచ్చుబడటం అరుదు. కానీ మీ తమ్ముడు గాయకుడు కాబట్టి ఈ విషయం సర్జన్‌ని విడిగా అడగండి. ఆపరేషన్‌కి ముందే ఈఎన్‌టీ దగ్గర స్వరతంతువుల పరీక్ష చేయించుకోండి. ముందు ఎలా ఉన్నాయో రికార్డు ఉంటే తర్వాత ఏ మార్పు వచ్చినా పోల్చుకోవడానికి వీలుంటుంది.

కరెంటు సాధారణంగా రెండు వారాల తర్వాత మొదలుపెడతారు. 0.25 మిల్లీ ఆంపియర్లతో మొదలై, ప్రతి విజిట్‌కీ కొంచెం కొంచెం పెంచుతూ 1.5 దాకా, అవసరమైతే ఇంకా పైకి తీసుకెళ్తారు. చర్మం మీద ప్రోగ్రామర్ అనే పరికరం పెట్టి మారుస్తారు, సూదీ ఉండదు, కోతా ఉండదు. పెంచగానే దగ్గు వస్తే అక్కడికక్కడే తగ్గిస్తాం. అన్నిటికంటే ముఖ్యం, మీ తమ్ముణ్ణి ప్రతి విజిట్‌లోనూ డాక్టర్ ముందు పాడమనండి. అంటే ఆ గదిలోనే, కొత్త సెట్టింగ్ పెట్టిన వెంటనే. కరెంటు ఒక్కటే కాదు, పల్స్ వెడల్పు (ఒక్కో కరెంటు తాకిడి ఉండే సమయం) తగ్గించినా, ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్ని తాకిళ్లు) తగ్గించినా గొంతు మీద ఒత్తిడి తగ్గుతుంది. ఫలితం పోకుండా గొంతు దక్కించుకునే సెట్టింగ్ వెతకడానికి కొన్ని విజిట్లు పడతాయి. గాయకుడని ఫైలు మీద రాయించండి. లేకపోతే డ్యూటీలో ఉన్న వేరే డాక్టర్‌కి తెలియదు.

కొత్త మోడళ్లలో గుండె వేగాన్ని గమనించే ఏర్పాటు కూడా ఉంది. ఫిట్స్ మొదలైనప్పుడు చాలామందికి గుండె వేగం ఒక్కసారిగా పెరుగుతుంది, ఆ పెరుగుదలను పట్టుకుని పరికరం తనంతట తనే అదనపు విడత పంపుతుంది. ఎంత పెరిగితే స్పందించాలో 20 శాతం నుంచి 70 శాతం దాకా సెట్ చేయొచ్చు. స్టేజి ఎక్కగానే మీ తమ్ముడి గుండె దడదడలాడితే అదీ ఫిట్స్ అనుకునే అవకాశం ఉంది. కాబట్టి ఇది కూడా డాక్టర్‌తో మాట్లాడి పెట్టించుకోవాలి.

ఒక నాన్న:

నేను వేరే అనుభవం చెప్పాలి. నిరుత్సాహపరచడానికి కాదు. మా అమ్మాయికి పెట్టించాం. రెండేళ్లకి పైగా ఓపిక పట్టాం, సెట్టింగ్స్ అన్ని రకాలుగా మార్చారు. ఫిట్స్ తగ్గలేదు. డాక్టర్లు చేయాల్సిందంతా చేశారు, ఎవరి తప్పూ లేదు. కొందరికి పనిచేయదు, ఎవరికి పనిచేయదో ముందే చెప్పే పరీక్ష లేదు.

చివరికి కరెంటు సున్నాకి పెట్టేశారు. పరికరం ఇంకా ఒంట్లోనే ఉంది. తీసేయొచ్చా అని మీరు అడిగారు కదా, ఆపేయడం సులభం, ఒక విజిట్ పని. ఛాతీలోని పరికరాన్ని తీయడం కూడా కష్టం కాదు. నరం చుట్టూ చుట్టిన తీగ వేరు. దాని చుట్టూ కండ పెరిగి అతుక్కుపోతుంది, తీయబోతే నరానికే దెబ్బ తగలొచ్చు. అందుకే చాలాసార్లు తీగ చివరి భాగాన్ని అలాగే వదిలేస్తారు. ఈ మాట మాకు ముందే చెప్పారు, సంతకం కూడా చేశాం. అయినా ఆ రోజు దాని బరువు మాకు తెలియలేదు. మీ తమ్ముడికి ఇది విడమరచి చెప్పండి, తర్వాతే ఒప్పుకోమనండి.

మీరు ఒక పని చేయండి. ఏం జరిగితే ఇది పనిచేసినట్టు అనేది ఆపరేషన్‌కి ముందే కాగితం మీద రాసుకోండి. పడిపోయే ఫిట్స్ సగానికి తగ్గాలా? ఒంటరిగా బయటికి వెళ్లగలగాలా? ఒక మందు తగ్గాలా? అది మీరు రాయకండి, మీ తమ్ముడే రాయాలి. మేము రాసుకోలేదు. దాంతో ప్రతి నెలా "కొంచెం తగ్గినట్టుంది కదా" అని ఒకరికొకరం చెప్పుకుంటూ గడిపాం. పాప మాత్రం ఏమీ అనేది కాదు.

వెన్నులో తీగ:

నాది ఫిట్స్ కాదు. వెన్ను ఆపరేషన్ తర్వాత కాలిలో మిగిలిపోయిన నొప్పికి వెన్నుపాము స్టిమ్యులేటర్ పెట్టించుకున్నాను. ఇలాంటి పరికరాలన్నీ ఒకటే అని చాలామంది అనుకుంటారు, అందుకే రాస్తున్నాను. మాకు ముందు ట్రయల్ ఉంటుంది. సూదితో సన్నటి తీగలు వెన్నుపాము పొర బయట పెట్టి, పెట్టె బయటే ఉంచి వారం రోజులు చూస్తారు. నొప్పి కనీసం సగం తగ్గితేనే లోపల పెడతారు, లేకపోతే తీగలు లాగేస్తారు. మూత్రం ఆపుకోలేని సమస్యకి వెన్ను అడుగున త్రికాస్థి దగ్గరి నరానికి పెట్టేదానికీ ఇలాగే ముందు పరీక్షించి చూస్తారు. వేగస్ నరానికి ఆ అవకాశం లేదు. ఫలితం రావడానికే నెలలు పడుతుంది కాబట్టి వారం ట్రయల్‌తో తేలదు. ఒక నాన్న గారు చెప్పిన కాగితం మీకు మరీ ముఖ్యం అనిపించింది అందుకే.

ఇంకో మాట. ఎక్కడ ఫిజియోథెరపీకి వెళ్లినా, ముందు "నా ఒంట్లో స్టిమ్యులేటర్ ఉంది" అని చెప్పమనండి. డయాథెర్మీ అని ఒంట్లోకి వేడి పంపే వైద్యం ఉంటుంది. తీగ ఉన్నవాళ్లకి అది చేయకూడదు. తీగ వేడెక్కి చుట్టూ ఉన్న కండ కాలిపోతుంది. మీది ఛాతీలో ఉన్నా, మోకాలికి చేయించుకోవడం కూడా వద్దనే చెబుతారు. పరికరం కార్డు ఎప్పుడూ జేబులో ఉండాలి.

పెద్దక్క:

అందరికీ చాలా కృతజ్ఞతలు. మీ జవాబులన్నీ తమ్ముడికి చదివి వినిపించాను. మ్యాగ్నెట్ ఆనిస్తే కరెంటు ఆగుతుందన్న చోట "మళ్లీ చదువు" అన్నాడు. ఒక నాన్న గారూ, మీరు రాసింది కూడా దాచకుండా చదివాను. తీగ లోపలే ఉండిపోతుందనే విషయం విని చాలాసేపు ఆలోచించాడు. మీ అమ్మాయి ఎలా ఉందో అడగమన్నాడు.

వాడు కాగితం రాసుకున్నాడు. నాకు చూపించలేదు, డాక్టర్ గారికే చూపిస్తానన్నాడు. ఇంకా ఒప్పుకోలేదు గానీ, "వద్దు" అనడం మానేశాడు.

ఇంకో రెండు సందేహాలు. ఇది పెట్టాక మందులు ఆపేయొచ్చా? తర్వాత ఎప్పుడైనా ఎమ్మారై అవసరమైతే ఎలా?

ఈఈజీ గది:

మందులు ఆపకూడదు. ఈ పరికరం మందులకు తోడు, బదులు కాదు. ఫలితం బాగుంటే ఏడాది తర్వాతో ఇంకా తర్వాతో డాక్టర్ ఒక మందు డోసు నెమ్మదిగా తగ్గించవచ్చు. ఇంట్లో సొంతంగా తగ్గిస్తే ఫిట్స్ ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది, అది ప్రాణం మీదికి తెస్తుంది.

ఎమ్మారై చేయొచ్చు, కానీ షరతులతో. ఏ మోడల్, ఏ భాగానికి స్కాన్, మెషిన్ శక్తి ఎంత అనేదాన్ని బట్టి ఉంటుంది. స్కాన్‌కి ముందు కరెంటు సున్నా చేయాలి, అయ్యాక మళ్లీ పాత సెట్టింగ్ పెట్టాలి. కాబట్టి స్కాన్ తీసే రోజు ప్రోగ్రామర్ ఉన్న మనిషి అందుబాటులో ఉండాలి. స్కాన్ గదిలోకి మ్యాగ్నెట్ తీసుకెళ్లకూడదు. ఎక్స్‌రే, సీటీ, కడుపు స్కానింగ్ లాంటి పరీక్ష కోసం తీసే అల్ట్రాసౌండ్‌తో ఇబ్బంది లేదు.

మీరు అడగకపోయినా ఒకటి చెబుతాను. రాత్రిళ్లు గురక పెట్టి, నిద్రలో ఊపిరి ఆగుతున్నట్టు ఉంటే ఆపరేషన్‌కి ముందే డాక్టర్‌కి చెప్పండి. ఇది పెట్టాక కొందరిలో ఆ సమస్య పెరుగుతుంది.

తెలుగు టీచర్:

పెద్దక్క గారూ, తమ్ముడికి ఇంకో రెండు విషయాలు చెప్పండి. తింటున్నప్పుడు కరెంటు వస్తే మొదట్లో పొలమారుతుంది. నెమ్మదిగా నమలడం, ఆ 30 సెకన్లు ముద్ద మింగకుండా ఆగడం అలవాటు చేసుకుంటే చాలు. పరుగెత్తినప్పుడు, మెట్లెక్కినప్పుడు ఆయాసం కొంచెం ఎక్కువగా అనిపించవచ్చు. పాడేవాళ్లకి ఊపిరి ముఖ్యం కదా, సాధన చేసేటప్పుడు కరెంటు ఉన్నప్పుడూ పాడి చూసుకోమనండి, ఆపినప్పుడూ పాడి చూసుకోమనండి. ఏ స్వరం దగ్గర తేడా వస్తోందో తనకే తెలుస్తుంది, అదే టెక్నీషియన్‌కి చెప్పొచ్చు.

ఇంట్లో ఒకటి కంటే ఎక్కువ మ్యాగ్నెట్లు ఉంచుకోండి. ఒకటి తన దగ్గర, ఒకటి మీ దగ్గర. ఫోను పక్కన, బ్యాంకు కార్డుల పక్కన పెట్టకండి. ఫిట్స్ వచ్చినప్పుడు ఎలా రాయాలో ఇంట్లో అందరూ నేర్చుకోవాలి: ఒక సెకను పాటు మీదుగా తీసుకెళ్లి తీసేయాలి, నొక్కి పట్టుకోకూడదు. మా అమ్మ కంగారులో ఆనించి పట్టుకునేది, దాంతో కరెంటు వెళ్లేదే కాదు. టెక్నీషియన్ దగ్గర సాధన చేశాక సరిపోయింది.

కావాలంటే మీ తమ్ముణ్ణి నాతో నేరుగా మాట్లాడమనండి. ఇక్కడే మెసేజ్ పెడితే చూస్తాను. కరెంటు వస్తున్నప్పుడు నా గొంతు ఎలా ఉంటుందో ఫోన్‌లో వినిపిస్తాను, ఆగాక ఎలా ఉంటుందో కూడా వినిపిస్తాను. వినే నిర్ణయించుకోవచ్చు.